సగం మాట మాస్టారు

ట్యూషన్లు చెప్పుకుని బతుకుతున్న కుర్రాళ్ళూ, కొత్త పంతులమ్మలూ, ఇది మీకోసమే రాస్తున్నా. మీరు చదవరని తెలుసు. మీరు చూసేది ఫోను. అందులో ఎవడో కోటు వేసుకుని వారం రోజుల్లో ఇంగ్లీషు నేర్పుతానంటాడు. వాడు వాగింది మర్నాడు పొద్దున మీరు మీ పిల్లలకి అప్పజెబుతారు. అయినా రాస్తున్నా. జగ్గయ్యపేటలో ఇరవై రెండేళ్ళు, ఏబీసీడీలు కూడా రానివాళ్ళకి ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. నా దగ్గర చదువుకున్న ఒక మనిషిని నలుగురి ముందు మూగదాన్ని చేసి నిలబెట్టా. ఆ సంగతి నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. నా దగ్గర చదువుకున్నవాళ్ళంతా మర్యాదస్తులు.

ముందు నా చదువు సంగతి. ఎనిమిదో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరం వదిలించుకున్నాం. ఎరువుల కొట్లో బిల్లులు రాసేవాణ్ణి. మధ్యాహ్నం కొట్టు మూసే రెండు గంటలూ లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. అక్కడ తెలుగు పేపరు ఒక్కో కాగితం ఒక్కొక్కడి చేతిలో ఉండేది, అడిగితే కసిరేవాళ్ళు. ఇంగ్లీషు పేపరు మాత్రం వేసినచోటే, మడత నలగకుండా సాయంత్రం దాకా పడి ఉండేది. నాకు చదవడానికి ఏదో ఒకటి కావాలి, దొరికింది అదొక్కటే. పక్కన డిక్షనరీ పెట్టుకుని, రోజుకి పది లైన్ల చొప్పున ఏళ్ళ తరబడి తవ్వా. ఒక్కడు వచ్చి ఒక్క ముక్క అందించిన పాపాన పోలేదు. పైగా "ఏంట్రా, కలెక్టరు అవుతావా?" అనేవాళ్ళు. ఆ అన్నవాళ్ళ మనవళ్ళకి తర్వాత నేనే ఇంగ్లీషు చెప్పా.

బస్టాండు వెనక ఒక షట్టరు గది. నేనూ, బడి నుంచి రిటైరైన ఒక లెక్కల మాస్టారూ కలిసి అద్దెకి తీసుకున్నాం. అయిదింటి దాకా ఆయన లెక్కలు, అయిదున్నర నుంచి నా ఇంగ్లీషు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు లెక్కేసేవాళ్ళు, బట్టల కొట్లో పనిచేసే ఆడపిల్లలు, ఒక కానిస్టేబులు, కోదాడ వైపు నుంచి వచ్చే ఒక లారీ డ్రైవరు. ఆ డ్రైవరు మొదటిరోజే "నాకు గ్రామరు గీమరు వద్దు సారూ, చెకింగోడు ఆపితే ఏం చెప్పాల్నో గది చెప్పుండ్రి" అన్నాడు. ఆ ఊళ్ళో తన అవసరం ఏంటో తెలిసి వచ్చినవాడు అతనొక్కడే.

మా గదికి నాలుగు షాపుల అవతల ఇంకో ఇన్‌స్టిట్యూటు ఉండేది. గుమ్మం మీద లండన్ గడియారపు స్తంభం బొమ్మతో ఫ్లెక్సీ. ముప్పై రోజుల్లో గలగలా. అక్కడ చెప్పేది ఒకటే పేజీ. అందరూ అదే బట్టీ పట్టాలి. నా హాబీ పుస్తకాలు చదవడం, నా ఆశయం దేశసేవ. పంచాంగం తప్ప ఇంకో పుస్తకం లేని ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు వరసగా స్టేజీ ఎక్కి, నా హాబీ పుస్తకాలు చదవడం అని చెప్పి దిగేవాళ్ళు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టి, ఫొటోలు తీసుకుని వెళ్ళేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

నా పద్ధతి వేరు అని నా గొప్ప. నా క్లాసులో బట్టీ లేదు. వస్తువు చేతిలో పట్టుకుని, "దిస్ ఈజ్ ఎ టే..." అనేవాణ్ణి. నలభై గొంతులు ఒక్కసారిగా "బుల్!" అని అరిచేవి. "వాట్ ఈజ్ దట్? దట్ ఈజ్ ఎ విం..." "డో!" "షి ఈజ్ గో..." "యింగ్!" ఎదురు టీ కొట్టాయన కూడా గ్లాసులు కడుగుతూ "బుల్" అనేవాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నా క్లాసు అంటే ఊళ్ళో ఒక చప్పుడు.

ఇది నేను కనిపెట్టింది కాదు. మీరూ ఇలాగే చదువుకున్నారు, నాకు తెలుసు. "భూమి సూర్యుడి చుట్టూ తిరు..." అంటాడు సారు, "గుతుంది!" అంటారు పిల్లలు. "నీరు వేడి చేస్తే మరు..." "గుతుంది!" "ఇనుము తుప్పు ప..." "డుతుంది!" భూమీ సూర్యుడూ నీరూ ఇనుమూ సారువి, గుతుంది డుతుందులు పిల్లలవి. పదో తరగతి దాకా చదివి మా ఊళ్ళ పిల్లలు ఇంటికి పట్టుకెళ్ళింది ఆ తోకలే. దాన్ని నేను ఇంగ్లీషులోకి మార్చి, నా పద్ధతి అని పేరు పెట్టుకున్నా.

లెక్కల మాస్టారు ఒకరోజు చాక్‌పీసు దులుపుకుంటూ అన్నాడు, "ఏవోయ్, నీ క్లాసులో నువ్వొక్కడివే మాట్లాడుతున్నావు. వాళ్ళు తోక తగిలిస్తున్నారంతే."

"మీ క్లాసులో అదీ లేదుగా. చావింట్లో ఉన్నట్టుంటుంది," అన్నా.

"నా క్లాసులో వాళ్ళు లెక్క చేస్తుంటారు," అన్నాడాయన. అసూయ అనుకున్నా.

అలాంటి రోజుల్లో వచ్చిందావిడ. చిల్లకల్లు నుంచి షేరాటోలో వచ్చి, జగ్గయ్యపేటలో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో ఆయాగా చేసేది. పదకొండేళ్ళ నుంచి. ఇంటర్ పాసైంది. పెళ్ళయ్యాక పుస్తకం ముట్టలేదు. ఏడ్చే పిల్లల్ని ఎత్తుకోవడం, ముక్కులు తుడవడం, మూత్రం పోస్తే కడగడం ఆవిడ పని. వాళ్ళకి ఎ ఫర్ యాపిల్ చెప్పడం టీచరమ్మ పని. ఆ టీచరమ్మల ఇంగ్లీషు నేను విన్నా. "కమ్ ఇక్కడ, సిట్ అక్కడ, డోంట్ అల్లరి." దానికి చీర మీద ఐడీ కార్డు.

"వచ్చే జూన్‌కి మా ఎల్కేజీ టీచరు మానేస్తుందట మాస్టారూ," అంది మొదటిరోజు, చెప్పులు గుమ్మం పక్కన సర్దుతూ. "ఇంగ్లీషు వస్తే ఆ క్లాసు నీకే ఇస్తానని కరస్పాండెంటు గారు మీటింగులో అన్నారు."

"నవ్వుతూ అన్నాడా, మామూలుగా అన్నాడా?"

"నవ్వుతూనే అన్నారండి. అయినా అన్నారుగా." లోపలికొచ్చి, "ముప్పై మంది పిల్లల పేర్లూ ఇంటిపేర్లతో సహా నాకు తెలుసండి. వాళ్ళకి మాత్రం నా పేరు తెలీదు. బడిలో ఎవ్వరికీ తెలీదు. అందరికీ ఆయమ్మనే. ఆ క్లాసు నాకు కావాలి మాస్టారూ," అంది.

ఎనిమిది నెలలు ఒక్కరోజు మానలేదు. నా ఇరవై రెండేళ్ళలో అంత చురుకైన విద్యార్థి లేదు. నేను "చె..." అనేసరికి "యిర్" అనేది, మిగతా నలభై మంది నోరు తెరిచేలోపు. రంగులు, పళ్ళు, ఒంట్లో భాగాలు, వారాలు, నిన్న చేసింది, రేపు చెయ్యబోయేది, అన్నీ వచ్చేశాయి. "ఈవిడ టీచరు కాకపోతే నా పేరు మార్చుకుంటా" అని టీ కొట్టు దగ్గర అన్నా. మార్చుకోలేదు.

ఏప్రిల్లో పిలుపొచ్చింది. ఆ బడికి నందిగామలో పెద్ద బ్రాంచి ఉంది, కరస్పాండెంటు కూర్చునేది అక్కడే. మీ మాస్టార్ని కూడా తీసుకురమ్మన్నాడట. ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరా. బస్సులో దారి పొడుగునా నేను సగం, ఆవిడ సగం. "ది డ్రైవర్ ఈజ్ డ్రై..." "వింగ్!" "ది కండక్టర్ ఈజ్ గి..." "వింగ్!" కండక్టరు టిక్కెట్లు కొడుతూ, "నన్ను కూడా చేర్చుకోండి మాస్టారూ, మా డిపో మేనేజర్ని తిట్టాలి," అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను ఇంకాస్త గొంతు పెంచా.

ఏసీ గది. కరస్పాండెంటు, పక్కన ప్రిన్సిపాల్ మేడమ్. నన్ను గోడ వార కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిణ్ణి కూర్చోమనలేదు, ఆవిడా కూర్చోలేదు. మేడమ్ ఇంగ్లీషులో నెమ్మదిగా, మర్యాదగానే అడిగింది: పొద్దున బడికి వచ్చాక ఏం చేస్తావో చెప్పు.

ఆవిడ నా వైపు చూసింది.

తెలుసు ఆవిడకి. ఆ వాక్యాలు పద్నాలుగు సార్లు చెప్పించా. పెదాలు కొంచెం తెరిచి, మెడ కాస్త ముందుకి చాచి నిలబడింది. మేడమ్ ఇంకో ప్రశ్న వేసింది. అదీ అంతే. ఆఖరికి జాలిపడి, బల్ల మీది చాక్‌పీసు ఎత్తి చూపించి, "వాట్ ఈజ్ దిస్?" అంది. పాలుతాగే పిల్లాడు కూడా చెబుతాడు. ఆవిడ చాక్‌పీసుని చూసి, నన్ను చూసింది.

నేనుండలేకపోయా. "చా..." అన్నా.

"క్!" అంది. గది అదిరేలా.

మేడమ్ ఉలిక్కిపడింది. కరస్పాండెంటు కుర్చీలో వెనక్కి వాలి, "ఇంకోటి అందించండి మాస్టారూ," అన్నాడు సరదాగా. బుద్ధుంటే లేచి బయటికి పోవాలి. నేను అందించా. "డస్..." "టర్!" "బ్లాక్..." "బోర్డ్!" ఆవిడ ముఖం వెలిగిపోతోంది, సరిగ్గా చెబుతున్నా కదా అని. వాళ్ళిద్దరూ నవ్వడం మొదలుపెట్టాక గానీ ఆవిడకి అర్థం కాలేదు. నాకు అప్పటికీ కాలేదు.

"మాస్టారు గారూ, ఈ ఉద్యోగం ఎవరికివ్వమంటారు? చెరి సగమా?" అన్నాడు కరస్పాండెంటు. తర్వాత ఆవిడతో, "పోన్లే ఆయమ్మా, నీకెందుకీ తిప్పలు. మూడున్నరకి అక్కడుండు, పిల్లల్ని ఆటోలెక్కించాలి," అన్నాడు.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. చిల్లకల్లు దగ్గర బస్సు హైవే దిగి జగ్గయ్యపేట వైపు మలుపు తిరిగింది. సొంత ఊరు, అయినా ఆవిడ దిగడానికి లేదు, డ్యూటీ ఉంది. అప్పుడంది, కిటికీలోంచి చూస్తూనే.

"మాస్టారూ, నాకు చాక్‌పీసు తెలీదాండీ?"

"తెలుసమ్మా. భయపడ్డావు. గదిలో ఏసీ, పెద్దవాళ్ళు..."

"భయం కాదండి. మీరింకా మొదలెట్టలేదు కదా అని ఆగా."

ఇలాంటి మాట మీ విద్యార్థి మీతో అన్నప్పుడు ఏం చెయ్యాలో ఏ ట్రైనింగులోనూ చెప్పరు. నేనైతే కోప్పడ్డా. ఎనిమిది నెలల నా కష్టాన్ని బూడిదలో పోసిందని మనసులో తిట్టుకున్నా. సాయంత్రం లెక్కల మాస్టారితో కూడా అదే చెప్పా, ఆవిడకి ధైర్యం చాలలేదండీ అని.

ఆయన బోర్డు తుడుస్తూ, "ఎనిమిది నెలలు చంకనెత్తుకు తిప్పావు. ఇవాళ కింద దించి, నడవలేదేం అంటున్నావు," అన్నాడు. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అయిదో రోజు ఆలోచించా. నాకెవరూ అందించలేదన్న కసి నాకు. అందుకే అందరికీ అందించా. అందించనందువల్లే నాకు ఇంగ్లీషు వచ్చిందన్న సంగతి, డిక్షనరీ మొత్తం తిరగేసిన ఈ బుర్రకి యాభై ఏళ్ళ పాటు తట్టలేదు.

ఆవిడ వారం తర్వాత వచ్చింది. మానేస్తుందనుకున్నా. చెప్పులు అలాగే గుమ్మం పక్కన సర్ది, "మాస్టారూ, మీరేమీ అనుకోకపోతే ఒకమాట," అంది.

"చెప్పమ్మా."

"క్లాసులో ఇకనుంచి మీరు మాట్లాడకండి."

క్లాసంతా బిగుసుకుపోయింది. కానిస్టేబులు మాత్రం కిసుక్కుమన్నాడు.

అలా మొదలైంది నా మౌనవ్రతం. వస్తువు బల్ల మీద పెట్టి కూర్చునేవాణ్ణి. చెప్పేవాళ్ళు చెప్పాలి. నిమిషం గడిచేది, రెండు గడిచేవి. ఫ్యాను చప్పుడు. నా నాలుక పళ్ళ వెనక కొట్టుకునేది. తువ్వాలు కొస నోట్లో పెట్టుకుని కొరికేవాణ్ణి. ఎండాకాలం వల్ల కాదు, అందించకపోవడం వల్ల చెమటలు పట్టేవి. వారం తిరిగేసరికి మాస్టారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని ఊళ్ళో పుకారు. టీ కొట్టాయన పలకరించడానికి కమలాపళ్ళు పట్టుకొచ్చాడు. సగానికి సగం మంది లండన్ గడియారం కిందికి పోయారు. పోనీ. చప్పుడు కోసం వచ్చినవాళ్ళు చప్పుడున్న చోటికి పోతారు.

ఆవిడ మొదటి సొంత వాక్యం పదకొండో రోజు వచ్చింది. "టుడే... వన్ బాయ్... క్రై." నా నోరు దానంతటదే తెరుచుకుంది, దిద్దడానికి. ఆవిడ ట్రాఫిక్ పోలీసులా అరచెయ్యి చూపించింది. "ఆగండి! వన్ బాయ్ క్రై. ఐ గివ్ వాటర్. హి స్టాప్." వంద తప్పులు. కానీ అన్నీ ఆవిడవే. అంతవరకూ నా క్లాసులో తప్పు చెయ్యడానికి కూడా ఎవరికీ సందు దొరకలేదు, మొదటి సగం నాదైతే తప్పెక్కణ్ణించి వస్తుంది?

జూన్‌లో బడి తెరిచారు. ఎల్కేజీకి తీసుకున్న కొత్త టీచరు రెండు రోజులొచ్చి, ఇంకో బడిలో చేరిపోయింది. తల్లిదండ్రులకి ఈ సంగతి తెలియనివ్వలేదు. క్లాసు ఎవరు చూస్తున్నారని ఎవరూ అడగలేదు, పిల్లల ఏడుపు బయటికి వినబడలేదు కాబట్టి. చూసింది ఆవిడే. తొమ్మిది రోజులు. పదో రోజు కరస్పాండెంటు జగ్గయ్యపేట వచ్చి, ఆవిణ్ణి పిలిచాడు. నన్నూ పిలిపించాడు. ఎందుకో నాకు తెలుసు. మొన్నటి సినిమా మళ్ళీ చూద్దామని.

"సో," అన్నాడు. ఈ తొమ్మిది రోజులూ క్లాసులో ఏం చేశావో ఇంగ్లీషులో చెప్పమన్నాడు.

ఆవిడ నిలబడింది. నోరు మెదపలేదు. గోడ గడియారం కొట్టుకుంటోంది. కరస్పాండెంటు నా వైపు తిరిగి కన్ను గీటాడు. "ఊఁ, అందించండి మాస్టారూ. మీకిది అలవాటేగా."

మొదటి మాట నా పెదాల మీదే ఉంది. అది వదిలితే చాలు, మిగతాదంతా ఆవిడ గడగడా చెప్పేస్తుందేమో. చెప్పకపోతే ఇదే ఆఖరు, ఇక ఈ బడిలో ముక్కులు తుడుచుకుంటూ ముసలిదవుతుంది.

"నాకు ఇంగ్లీషు రాదండీ," అన్నా.

ఎనిమిదో తరగతి తప్పినవాడి నోటి నుంచి ఆ మాట రావడం ఎంత కష్టమో మీ బీఎడ్డులకి తెలియదు. అది రాదని అన్న ప్రతివాడితోనూ జీవితమంతా పోట్లాడా నేను.

అప్పుడు ఆవిడ, నన్ను చూడకుండా, కిటికీ వైపు చూస్తూ మొదలెట్టింది. "ఐ టేక్ క్లాస్. నైన్ డేస్." ఊపిరి తీసుకుంది. "థర్టీ వన్ చిల్డ్రన్. ఫస్ట్ డే, ఆల్ క్రై. ఐ సే, కమ్, సీ, క్రో. దే సీ క్రో. దే స్టాప్. నెక్స్ట్ డే, దే ఆస్క్, వేర్ క్రో?" గోడ మీద వాలే కాకితో మొదలుపెట్టి, తొమ్మిది రోజుల్లో ఏమేం చెప్పిందో చెప్పింది. మధ్యలో రెండుసార్లు చాలాసేపు ఆగింది. ఎవరూ అందించలేదు. మళ్ళీ తనే అందుకుంది.

"గుడ్, వెరీ గుడ్," అన్నాడు కరస్పాండెంటు. నవ్వు పోయింది, లెక్క వచ్చింది ముఖంలోకి. తెలుగులోకి దిగాడు. "ఇలాగే కానీ. క్లాసు చూసుకో, మామూలుగా నీ ఆయా పనీ చూసుకో. ఎవరైనా దొరికినప్పుడు చూద్దాం."

"నో సర్," అంది.

"ఏంటీ?"

"ఆయా వర్క్, వన్ వర్క్. టీచర్ వర్క్, వన్ వర్క్. టూ వర్క్, నో." రెండు వేళ్ళు చూపించింది. "టీచర్ ఓకే, ఐ కమ్ టుమారో. నాట్ ఓకే, ఐ గో హోమ్ నౌ."

పదకొండేళ్ళుగా ఆ మనిషి నోటి నుంచి "అలాగేనండి" తప్ప వినని కరస్పాండెంటు నా వైపు తిరిగాడు. "ఇదేంటి మాస్టారూ, ఇలా మాట్లాడుతోంది? మీరు నేర్పారా?"

"లేదండి. నేను నేర్పితే ఇలా ఉండదు," అన్నా. అది నిజం.

"మీరైనా చెప్పండి మరి."

"ఆవిడ మాట్లాడుతోందిగా. ఆవిణ్ణే అడగండి."

ఆయన ఆవిణ్ణి అడగలేదు. వాచీ చూసుకుని, ఫోను చూసుకుని, ఆలోచిస్తానన్నాడు. ఆవిడ బయటికొచ్చి, తన సంచీ తీసుకుని, నాకు నమస్కారం కూడా పెట్టకుండా ఆటో ఎక్కి ఇంటికెళ్ళిపోయింది. మర్నాడు బడికి పోలేదు. ఆ రోజు ఎల్కేజీ ఏడుపు బస్టాండు దాకా వినబడిందని టీ కొట్టాయన చెప్పాడు. సాయంత్రానికల్లా ఫీజులు కట్టిన తండ్రులు గేటు దగ్గర చేరారు.

మూడో రోజు ఆ బడి గేటుకి కాగితం అంటించారు: ఆయా కావలెను. జిగురు డబ్బా పట్టుకుని దాన్ని అంటించింది ఆవిడే, మెడలో ఐడీ కార్డుతో, ఎల్కేజీకి అన్నం బెల్లు కొట్టాక.